గడియారం చిరునామా చెప్పే చెట్టు

సాయంత్రం కంప్యూటరును ఆపివేసి, ప్లగ్గు కూడా తీసివేయండి. మర్నాడు ఉదయం ఇంటర్నెట్ లేకుండానే మళ్ళీ పెట్టి చూడండి. తేదీ, టైము సరిగ్గానే చూపిస్తుంది. రాత్రంతా దానికి కరెంటు లేదు. ఎవరూ వచ్చి టైము చెప్పలేదు. మరి తెల్లవారిందని దానికి ఎలా తెలిసింది?

కంప్యూటరు మొత్తం నిద్రపోయినా దాని లోపల ఒక చిన్న గడియారం మేలుకునే ఉంటుంది. ఇంజనీర్లు దీన్ని 'రియల్ టైమ్ క్లాక్' అంటారు. మనం 'గడియారం చిప్పు' అని పిలుచుకుందాం. ఈ చిప్పు ఎలా నడుస్తుంది? అది ఎక్కడ ఉందో కంప్యూటరుకు ఎవరు చెబుతారు? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు తెలుసుకుందాం. రెండో ప్రశ్న చాలా తేలికగా కనబడుతుంది కదూ! కాని దాని జవాబు కోసం ప్రోగ్రామర్లు ఏళ్ళ తరబడి తంటాలు పడ్డారు.

నిద్రపోని గడియారం

క్వార్ట్జ్ స్ఫటికం పేరు మీరు వినే ఉంటారు. దాన్ని నొక్కితే దాని ముఖాల మీద విద్యుదావేశం పుడుతుంది. ఈ సంగతిని 1880లో ఫ్రాన్సులో పియరీ క్యూరీ, ఆయన అన్న జాక్వెస్ క్యూరీ కనిపెట్టారు. దీన్ని తిరగేసి చెప్పినా నిజమే. విద్యుత్తు ఇస్తే స్ఫటికం కొద్దిగా వంగుతుంది. తగిన విద్యుద్వలయంలో పెడితే అది ఒకే లయతో కంపిస్తూ ఉంటుంది. గడియారాల కోసం ప్రత్యేకంగా కోసిన స్ఫటికం ముక్క సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది.

ఈ వింత సంఖ్యను ఎందుకు ఎన్నుకున్నారు? దాన్ని 2తో భాగించుకుంటూ పొండి. 16,384, 8,192, 4,096... ఇలా సరిగ్గా 15 సార్లు భాగించేసరికి 1 వస్తుంది. రెండుతో భాగించే వలయాన్ని తయారుచేయడం ఎలక్ట్రానిక్స్‌లో చాలా తేలిక. అలాంటివి 15 వరసగా కలిపితే చివరిదాని నుంచి సెకనుకు ఒక్క 'టిక్' వస్తుంది. ఆ టిక్కులను లెక్కపెడితే నిమిషాలు, గంటలు, తేదీలు వచ్చేస్తాయి.

ఈ పనికి పట్టే విద్యుత్తు ఎంత? డి.ఎస్.1307 అనే ప్రసిద్ధమైన గడియారం చిప్పు బ్యాటరీ మీద నడిచేటప్పుడు 500 నానో ఆంపియర్లకు మించి తీసుకోదు. అంటే ఒక ఆంపియరులో 20 లక్షల వంతు! 48 మిల్లీ ఆంపియర్-గంటల చిన్న బ్యాటరీ ఉందనుకుందాం. 500 నానో ఆంపియర్లంటే 0.0005 మిల్లీ ఆంపియర్లు. 48ని 0.0005తో భాగిస్తే 96,000 గంటలు. ఏడాదికి 8,760 గంటలు కాబట్టి ఆ బ్యాటరీ దాదాపు 11 ఏళ్ళు వస్తుందన్నమాట.

అన్ని కంప్యూటర్లకూ మొదటి నుంచి ఈ సౌకర్యం లేదు. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరులో బ్యాటరీ గడియారం లేదు. పెట్టిన ప్రతిసారీ అది 'ఈవేళ తేదీ ఎంత? టైము ఎంత?' అని మనిషినే అడిగేది. 1984లో వచ్చిన 'ఏ.టి.' నమూనాలో మోటరోలా వారి గడియారం చిప్పును, బ్యాటరీని అమర్చారు. 2012లో వచ్చిన మొదటి 'రాస్ప్‌బెర్రీ పై' బోర్డు, మన అరచేతిలో పట్టే కంప్యూటరు, మళ్ళీ గడియారం లేకుండానే వచ్చింది. ఇంటర్నెట్ దొరకని చోట వర్షపాతం కొలిచే పనికి అలాంటి బోర్డును పెట్టామనుకోండి. కరెంటు పోయి వస్తే దాని లెక్క తప్పుతుంది. వాన ఎంత పడిందో తెలుస్తుంది కాని, ఎప్పుడు పడిందో తెలియదు! అందుకే అలాంటి బోర్డులకు గడియారం చిప్పును విడిగా కొని తగిలిస్తారు. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

గడియారం చూడడం వచ్చినవాడు

గోడకు గడియారం ఉంటే చాలదు, చూడడం వచ్చినవాడు కూడా ఉండాలి. కంప్యూటరులో ఆ పని చేసే ప్రోగ్రామును 'డ్రైవరు' అంటారు. ఒక్కొక్క రకం పరికరంతో మాట్లాడడం తెలిసిన ప్రోగ్రాము అన్నమాట.

డి.ఎస్.1307 చిప్పు లోపల కొన్ని అరలు ఉంటాయి. 0వ అరలో సెకన్లు, 1వ అరలో నిమిషాలు, 2వ అరలో గంటలు, 3వ అరలో వారం, 4వ అరలో తేదీ, 5వ అరలో నెల, 6వ అరలో సంవత్సరం చివరి రెండంకెలు. ఒక్కొక్క అరలో 8 బిట్లు, అంటే ఎనిమిది 0లో 1లో పడతాయి.

ఇప్పుడు సెకన్ల అరలో 0101 1001 అని ఉందనుకుందాం. ఇది ఎన్ని సెకన్లు? మీరు మామూలు ద్విసంఖ్యామానంలో లెక్కవేస్తే 64+16+8+1, అంటే 89 వస్తుంది. నిమిషానికి 89 సెకన్లు ఎక్కడైనా ఉంటాయా? ఈ చిప్పు ఒక్కొక్క అంకెను విడిగా నాలుగేసి బిట్లలో రాస్తుంది. 0101 అంటే 5, 1001 అంటే 9. కనుక అది 59 సెకన్లు.

ఇంకో చమత్కారం ఉంది. 0వ అరలో అన్నిటికంటే ఎడమ పక్కనున్న బిట్టుకు సెకన్లతో సంబంధం లేదు. అది 1 అయితే 'గడియారం ఆగి ఉంది' అని అర్థం. తెలివైన డ్రైవరు ముందు ఆ బిట్టును చూస్తుంది. ఆగిన గడియారంలోని టైమును నమ్మదు. ఇలాంటి నేర్పంతా డ్రైవరులో ఉంటుంది.

గడప నంబరు తెలిస్తే చాలదు

మరి ఆ గడియారం బోర్డు మీద ఎక్కడ ఉంది? ఇలాంటి చిప్పులను 'ఐ2సి' అనే రెండు తీగల జతకు తగిలిస్తారు. ఈ పద్ధతిని ఫిలిప్స్ కంపెనీ 1982లో రూపొందించింది. ఒక తీగ మీద సమాచారం నడుస్తుంది. రెండో తీగ తాళం వేస్తుంది. ఆ రెండు తీగలనే ఎన్నో చిప్పులు పంచుకుంటాయి. వీధిలో ఇళ్ళకు నంబర్లు ఉన్నట్టే ఒక్కొక్క చిప్పుకు ఒక గడప నంబరు ఉంటుంది. డి.ఎస్.1307 నంబరు 104. కాని ఇంజనీర్లు పదహారు ఆధారంగా ఉన్న సంఖ్యామానంలో దాన్ని 68 అని రాస్తారు. 6×16+8 ఎంతో చూడండి, 104 వస్తుంది. మనమూ ఇక ముందు 68 అనే అందాం.

'అయితే ఇంకేం, కంప్యూటరు ఆ వీధిలోకి వెళ్ళి, ఒక్కొక్క తలుపూ తట్టి, లోపల ఎవరున్నారో అడిగి తెలుసుకోవచ్చు కదా!' అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. యు.ఎస్.బి. పరికరాలు అలాగే చేస్తాయి. పెన్ డ్రైవ్‌ను తగిలించగానే 'నన్ను చేసింది ఫలానా కంపెనీ, నా రకం ఫలానా' అని అది నంబర్లతో సహా చెబుతుంది. ఐ2సి వీధిలో ఆ మర్యాద లేదు. తలుపు తడితే లోపలి నుంచి 'ఊఁ' అని మాత్రమే వినిపిస్తుంది. పేరు చెప్పదు.

పైగా 68వ గడపలో ఒక్క డి.ఎస్.1307 మాత్రమే ఉండదు. డి.ఎస్.3231 అనే మరో గడియారం చిప్పు నంబరూ 68 యే. కదలికలను కొలిచే ఎం.పి.యు.6050 అనే చిప్పు నంబరూ మామూలుగా 68 యే! అది అసలు గడియారమే కాదు.

పొరబడితే ఏమవుతుంది? డి.ఎస్.1307లో 8 నుంచి 63 వరకూ ఉన్న 56 అరలు ఖాళీ అరలు. వాటిలో మనం ఏమైనా దాచుకోవచ్చు. డి.ఎస్.3231లో మొదటి ఏడు అరలు అలాగే ఉన్నా, తరువాతివి ఖాళీవి కావు. 14వ అరలో గడియారాన్ని అదుపుచేసే మీటలు, 16వ అరలో దాని వేగాన్ని సవరించే అంకె ఉంటాయి. దాన్ని డి.ఎస్.1307 అనుకుని, ఖాళీ అర కదా అని 16లో ఏదో రాశామంటే గడియారం వేగమే మారిపోతుంది. తప్పు జరిగిందని ఎవరూ చెప్పరు. టైము మెల్లగా తప్పుతూ పోతుంది.

కనుక గడపలో ఎవరున్నారో కంప్యూటరు తనంతట తాను తెలుసుకోలేదు. ఎవరో ఒకరు చెప్పాలి.

బోర్డుకొక ప్రోగ్రాము

'లినక్స్' అనేది కంప్యూటరును నడిపే మూల ప్రోగ్రాము. ఫిన్లండులో విద్యార్థిగా ఉన్న లినస్ టోర్వాల్డ్స్ 1991లో దాన్ని మొదలుపెట్టారు. దాన్ని ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్లలో, ఇళ్ళలోని ఇంటర్నెట్ పెట్టెల్లో, పెద్ద పెద్ద కంప్యూటర్లలో అది పనిచేస్తోంది.

సెల్‌ఫోన్లలోను, చిన్న బోర్డుల్లోను ఎక్కువగా ఉండేది 'ఆర్మ్' రకం ప్రాసెసరు. ప్రాసెసరు ఒకటే అయినా కంపెనీ కంపెనీకి బోర్డు వేరు. ఒకరు గడియారాన్ని మొదటి తీగల జతకు తగిలిస్తారు, ఇంకొకరు రెండోదానికి. ఒకరు డి.ఎస్.1307 వాడతారు, ఇంకొకరు వేరేది. ఈ వివరాలన్నీ మొదట్లో లినక్స్ ప్రోగ్రాములోనే రాసేవారు. బోర్డుకొక ఫైలు. కొత్త బోర్డు వస్తే కొత్త ఫైలు. వందల బోర్డులు వచ్చేసరికి ఆ ఫైళ్ళు గుట్టలుగా పెరిగాయి. చాలావరకు ఒకదానికొకటి నకళ్ళే. 2011లో టోర్వాల్డ్స్ ఈ గందరగోళం మీద అందరి ముందూ గట్టిగానే విసుక్కున్నారు.

మన ఊరి పోస్టుమాన్ సంగతి ఆలోచించండి. ఉత్తరాలు సర్దడం, అందించడం ఆయనకు వచ్చిన పని. ఆయన ఇంకో ఊరికి బదిలీ అయితే ఆ పని మళ్ళీ మొదటి నుంచి నేర్పుతామా? అక్కరలేదు. కొత్త ఊరి వీధులు, ఇంటి నంబర్ల పట్టిక ఇస్తే చాలు. పని చేసే నేర్పు వేరు, ఊరి చిరునామాలు వేరు. ఆ రెంటినీ కలిపి ఒకే పుస్తకంలో రాయడమే ఇక్కడ వచ్చిన చిక్కు.

వంశవృక్షంలాంటి పట్టిక

దీనికి మందు కొత్తగా కనిపెట్టవలసిన అవసరం రాలేదు. సన్ కంపెనీ కంప్యూటర్లలో, ఆ తరువాత యాపిల్ కంపెనీ మాకింటోష్‌లలో 'ఓపెన్ ఫర్మ్‌వేర్' అనే పద్ధతి ఉండేది. 1994లో దానికి ప్రమాణం ఏర్పడింది. కంప్యూటరులో ఏయే పరికరాలు ఎక్కడెక్కడ ఉన్నాయో చెట్టు రూపంలో రాసి ఉంచడం అందులోని ముఖ్యమైన ఆలోచన. 2005 ప్రాంతంలో లినక్స్‌లోని 'పవర్ పీసీ' విభాగంవారు దాన్ని చిన్న ఫైలుగా కుదించి వాడుకున్నారు. 2011 తరువాత ఆర్మ్ విభాగంవారు కూడా అదే దారి పట్టారు. దాని పేరే 'డివైస్ ట్రీ'. మనం 'పరికరాల వృక్షం' అందాం.

మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు రాసి ఉంచిన వంశవృక్షం చూశారా? పైన మూలపురుషుడు, కింద కొడుకులు, కూతుళ్ళు, వాళ్ళ కింద మనవలు ఉంటారు. ఇదీ అంతే. పైన బోర్డు. దాని కింద తీగల జతలు. ఒక్కొక్క జత కింద దానికి తగిలించిన చిప్పులు. మన గడియారం గురించిన ఆకు మీద ఇలా రాసి ఉంటుంది:

బోర్డు
— మొదటి ఐ2సి తీగల జత
— — గడియారం
— — — రకం: డల్లాస్,డిఎస్1307
— — — గడప: 68

ఇలా మనుషులకు అర్థమయ్యేలా రాసిన పట్టికను ఒక చిన్న ప్రోగ్రాము యంత్రానికి అనువైన రూపంలోకి మారుస్తుంది. కంప్యూటరును పెట్టగానే అన్నిటికంటే ముందు మేలుకునే బుల్లి ప్రోగ్రాము ఈ పట్టికను తెచ్చి లినక్స్ చేతికిస్తుంది. బోర్డు మారితే పట్టిక మారుతుంది. లినక్స్‌ను, డ్రైవరును ముట్టుకోనక్కరలేదు.

డ్రైవరుకు చదవడం నేర్పడం

కాని పట్టిక ఉన్నంత మాత్రాన పాత డ్రైవరుకు దాన్ని చదవడం రాదు కదా! అందుచేత ఒక్కొక్క డ్రైవరుకూ ఆ విద్య నేర్పవలసి వచ్చింది. గడియారం డ్రైవరుకు నేర్పాలంటే చేయవలసిన పనులు మూడు.

మొదటిది, పేర్ల జాబితా. 'నాకు మాట్లాడడం వచ్చిన చిప్పులు ఇవి' అని డ్రైవరు తన జాబితాను బయటపెట్టాలి. డల్లాస్,డిఎస్1307, మాక్సిమ్,డిఎస్3231, ఇలాగ. లినక్స్ చెట్టులోని ప్రతి ఆకు మీద ఉన్న పేరునూ ఈ జాబితాలతో పోల్చి చూస్తుంది. రెండూ సరిపోయిన చోట ఆ డ్రైవరును పిలిచి, గడప నంబరు చెప్పి, పని అప్పగిస్తుంది.

ఈ పేర్లలో తమాషా గమనించారా? మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనుక వస్తాయి. వీటికీ అంతే! కామాకు ముందున్నది తయారుచేసిన కంపెనీ, తరువాతది చిప్పు పేరు. డల్లాస్ కంపెనీని 2001లో మాక్సిమ్ కంపెనీ కొనుక్కుంది. అందుకే ఒకే డ్రైవరు జాబితాలో రెండు ఇంటిపేర్లు కనిపిస్తాయి. ఐ2సి చిప్పుల విషయంలో లినక్స్ మొదట్లో ఒక అడ్డదారి తొక్కింది. ఇంటిపేరు వదిలేసి, వెనుక ఉన్న పేరును మాత్రమే పోల్చేది. మీ తరగతిలో ఇద్దరు శ్రీనివాసులు ఉంటే హాజరు వేసేటప్పుడు ఏమవుతుందో మీకు తెలుసు. అందుకే ఇంటిపేరుతో సహా పూర్తి పేర్ల జాబితా ఇవ్వడం సరైన పద్ధతి.

రెండో పని, పేరు, గడప కాకుండా ఆకు మీద రాసిన మిగతా లక్షణాలను చదవడం. ఇది ఎంత ముఖ్యమో ఇప్పుడే చూస్తాం.

మూడో పని, ఒప్పందం రాయడం. ఏ పేరు వాడాలి, ఏ లక్షణాన్ని ఎలా రాయాలి అన్నది ఒక పత్రంలో రాసి అందరికీ అందుబాటులో ఉంచాలి. ఇప్పుడు ఈ పత్రాలను యంత్రమే చదివి, చెట్టులోని తప్పులు పట్టుకోగలిగే రూపంలో రాస్తున్నారు.

చిన్న డ్రైవరులో ఈ మార్పులన్నీ కలిపి కొద్ది పంక్తులే ఉండవచ్చు. ఆ కొద్ది పంక్తులతో ఒకే డ్రైవరు ఎక్కడెక్కడి బోర్డుల్లోనో పనికి వస్తుంది.

ఛార్జి చేయాలా, వద్దా?

ఇక లక్షణాల సంగతి. గడియారం పక్కన ఉండే బ్యాటరీల్లో రెండు జాతులు ఉన్నాయి. మామూలు లిథియం బటన్ సెల్, ఉదాహరణకు సి.ఆర్.2032, ఒకసారి వాడి పారవేసేది. దాన్ని ఛార్జి చేయకూడదు. చేస్తే వేడెక్కి, కారి, పగిలిపోయే ప్రమాదం కూడా ఉంది. రెండో జాతి మళ్ళీ మళ్ళీ ఛార్జి చేసుకునేది. చూపులకు రెండూ గుండ్రని బిళ్ళలే.

డి.ఎస్.1339 వంటి కొన్ని చిప్పులకు బ్యాటరీని కొద్దికొద్దిగా ఛార్జి చేసే శక్తి ఉంది. కాని తన పక్కన ఉన్నది ఏ జాతి బ్యాటరీయో ఆ చిప్పుకు తెలియదు. డ్రైవరు రాసిన ప్రోగ్రామరుకూ తెలియదు, ఆయన ఎక్కడో వేరే దేశంలో ఉంటారు. తెలిసేది బోర్డును తయారుచేసినవారికే. వారు ఆ సంగతిని చెట్టులో రాస్తారు. దానికోసం ఒక లక్షణమే ఉంది. 0 అని రాస్తే 'ఛార్జి చేయరాదు', 1 అని రాస్తే 'చేయవచ్చు'. డ్రైవరు ఆ మాట ప్రకారం నడుచుకుంటుంది.

2023లో వచ్చిన 'రాస్ప్‌బెర్రీ పై 5' బోర్డులో గడియారాన్ని లోపలే అమర్చారు. బ్యాటరీని మనమే తగిలించుకోవాలి. అందులో ఛార్జింగును ముందుగా ఆపివేసే ఉంచారు. ఛార్జి అయ్యే బ్యాటరీ పెట్టినవారు, ఎన్ని వోల్టుల దాకా ఛార్జి చేయాలో తెలిపే ఒక పంక్తిని రాసి దాన్ని నడిపించుకోవాలి. ఆ పంక్తి మార్చేది మన పరికరాల వృక్షాన్నే. ఏమీ చెప్పకపోతే ఛార్జి చేయదు. తెలియనప్పుడు ప్రమాదం లేని దారిలో నడవడమన్నమాట.

మరో ఉదాహరణ చూద్దాం. పి.సి.ఎఫ్.8523 అనే గడియారం చిప్పుకు రెండు రకాల స్ఫటికాలు పెట్టవచ్చు. ఒకదానికి 7 పికో ఫారడ్ల కెపాసిటీ కావాలి, ఇంకొకదానికి 12.5. ఏది పెట్టారో చెట్టులో రాయాలి. తప్పు రాస్తే స్ఫటికం లయ కొద్దిగా మారుతుంది. 'కొద్దిగా' అంటే? లయలో పది లక్షలకు 20 వంతుల తేడా వచ్చిందనుకుందాం. రోజుకు 86,400 సెకన్లు కనుక రోజుకు 1.7 సెకన్లు తప్పుతుంది. నెలకు 52 సెకన్లు. పది లక్షలకు 2 వంతులే తప్పే డి.ఎస్.3231 లాంటి మంచి గడియారం అయితే ఏడాది మొత్తం మీద 63 సెకన్లు తప్పుతుంది. అది లోపలి వేడిని కొలుచుకుంటూ తన లయను తానే సరిచేసుకుంటుంది.

ఒకసారి పెట్టిన పేరు

చెట్టులో వాడే పేర్లను ఒకసారి ఒప్పుకున్న తరువాత ఇష్టం వచ్చినట్టు మార్చకూడదని లినక్స్‌వారి నియమం. ఎందుకంటే అయిదేళ్ళ కిందట అమ్మిన బోర్డులో పాత చెట్టే ఉంటుంది. దాని మీద కొత్త లినక్స్ వేసినా గడియారం నడవాలి. పేరు మార్చితే పాత చెట్టులోని మాట కొత్త డ్రైవరుకు అర్థం కాదు. బోర్డు బాగానే ఉంటుంది, బ్యాటరీ బాగానే ఉంటుంది, టైము మాత్రం కనిపించదు.

చూశారా, ఎక్కడి సంగతులను అక్కడే ఉంచితే ఎంత మేలో! చిప్పుతో మాట్లాడే నేర్పు డ్రైవరులో ఉంది. బోర్డు వివరాలు చెట్టులో ఉన్నాయి. డ్రైవరు రాసేవారికి మీ బోర్డు తెలియనక్కరలేదు. బోర్డు చేసేవారికి చిప్పు అరల లెక్క తెలియనక్కరలేదు. కాని ఎవరి భాగం వారు నిజాయితీగా, తప్పు లేకుండా రాయాలి. బ్యాటరీ గురించి తప్పు రాస్తే డ్రైవరు దాన్నే నమ్ముతుంది. సరిచూసుకునే దారి దానికి లేదు.

మీరు చేసి చూడండి

1. ఒక గడియారం అరల్లో ఇలా ఉంది: గంటల అరలో 0001 0110, నిమిషాల అరలో 0100 0101, సెకన్ల అరలో 0000 1000. ఇది 24 గంటల పద్ధతి. టైము ఎంత?

2. మరో గడియారం చిప్పు గడప నంబరు పదహారు ఆధారంలో 51. మన దశాంశ పద్ధతిలో ఎంత?

3. మీ బడిని ఒక బోర్డు అనుకోండి. తరగతులను, లాబొరేటరీని, గ్రంథాలయాన్ని కొమ్మలుగా, వాటిలోని వస్తువులను ఆకులుగా ఒక చెట్టు గీయండి. కొత్తగా వచ్చిన అటెండరు ఎవరినీ అడగకుండా, ఆ చెట్టును చూసి గంట ఎక్కడుందో కనుక్కోగలగాలి. ఏ లక్షణాలు రాస్తే చాలో ఆలోచించండి.

(జవాబులు: 1. 16 గంటల 45 నిమిషాల 8 సెకన్లు. 2. 81.)